రొమ్ములో గడ్డ కనబడితే: మామోగ్రామా, అల్ట్రాసౌండా, ఎమ్మారైనా?

"చిన్నచిన్నవి వద్దమ్మా. అన్నిటికన్నా పెద్ద స్కాన్ ఏదుంటే అది చేసేయండి. డబ్బు సంగతి మేం చూసుకుంటాం."

ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన మా కౌంటర్ దగ్గర అన్న మాట ఇది. పక్కనే ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. ఆయన మనసు నాకు తెలుసు. రొమ్ములో గడ్డ అన్నమాట వినబడితే ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఆ టెన్షన్‌లో "పెద్ద" అన్న మాటే ధైర్యంగా ఉంటుంది. పెద్ద డాక్టరు, పెద్ద ఆసుపత్రి, పెద్ద స్కాన్. కానీ ఆయన భార్యకు ఆ రోజు కావలసింది మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఆ తర్వాత సూదితో తీసే చిన్న ముక్క, అంటే బయాప్సీ. ఎమ్మారై అవసరం ఆమెకు అసలు రాలేదు.

నేను డాక్టర్ని కాదు. నెల్లూరులో చాలా ఏళ్లుగా స్కానింగ్ మెషిన్ల దగ్గర పనిచేస్తున్న టెక్నీషియన్ని. ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు ఉండే పొగతోట వీధుల్లో చేతిలో ఫైలు పట్టుకొని ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు తిరిగే ఆడవాళ్లను రోజూ చూస్తుంటాను. కావలి, ఉదయగిరి, కనిగిరి, పొదిలి, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్లు మెషిన్ మీద పడుకునే ముందు అడిగే ప్రశ్నలు, అడగలేక మింగేసే ప్రశ్నలు రెండూ నాకు తెలుసు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. మీ డాక్టరు చెప్పే మాటకు బదులుగా దీన్ని తీసుకోకండి. ఆయన్ను ఏం అడగాలో తెలుసుకోవడానికి తీసుకోండి.

ముందు ఒక్క విషయం. ఈ మూడు స్కాన్‌లూ చిన్నది, నడిమిది, పెద్దది అని వరసగా పేర్చినవి కావు. ఒకటి చూసేది ఇంకోటి చూడలేదు. అందుకే "ఏది మంచిది" అని కాకుండా "నా విషయంలో ఇప్పుడు తెలియాల్సింది ఏమిటి" అని అడగాలి.

మామోగ్రామ్ ఏం చూస్తుంది

మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. రెండు పలకల మధ్య రొమ్మును నొక్కిపెట్టి తీస్తాం. నొప్పి ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. కానీ ఒక్కో ఫిలిముకు కొన్ని సెకన్లే. నొక్కకపోతే లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి పడి చిన్న గడ్డ వాటి వెనక దాక్కుంటుంది, పైగా రేడియేషన్ కూడా ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. రెండు వైపులా తీస్తే తగిలే రేడియేషన్ సుమారు 0.4 మిల్లీసీవర్ట్. మనం ఏ పరీక్షా లేకుండా మామూలుగా బతుకుతుంటే నేల నుంచి, ఆకాశం నుంచి ఏడు వారాల్లో తగిలేది కూడా దాదాపు అంతే. ఆ భయంతో మామోగ్రామ్ మానుకోవద్దు.

దీని అసలు బలం సన్నని కాల్షియం రేణువులను చూడటం. ఇసుక చల్లినట్టు ఉంటాయి. చాలావరకు హాని లేనివే. కొన్నిమాత్రం ఒకచోట గుంపుగా, ఒక తీరు లేకుండా ఉంటాయి. పాలనాళం గోడ దాటని తొలిదశ క్యాన్సర్ చాలాసార్లు అలాంటి గుంపుగానే మొదట కనబడుతుంది. చేతికి గడ్డ తగలదు, నొప్పి ఉండదు. ఈ రేణువులు ఎమ్మారైలో కనబడవు. కోట్లు పోసి కొన్న ఏ ఎమ్మారై మెషినైనా అంతే. "ఎమ్మారై చేయించుకున్నాం కదా, మామోగ్రామ్ ఎందుకు" అని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

దీని బలహీనత కూడా చెప్పాలి. మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, పాలగ్రంథుల కండ తెల్లగా కనబడతాయి. గడ్డ కూడా తెల్లగానే కనబడుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న రొమ్ములో తెల్లగడ్డ ఇట్టే దొరుకుతుంది. కండ దట్టంగా ఉన్న రొమ్ములో వెతకడం మొలగొలుకుల బియ్యంలో తెల్లరాయి ఏరడంలాంటిది. రిపోర్టులో ఈ దట్టాన్ని ఏ, బి, సి, డి అని నాలుగు రకాలుగా రాస్తారు. డి అంటే బాగా దట్టం. వయసులో ఉన్నవాళ్లలో ఈ దట్టం ఎక్కువ, ముట్లు ఆగిపోయిన తర్వాత సాధారణంగా తగ్గుతుంది. మీ పాత రిపోర్టు ఉంటే ఆ అక్షరం ఏముందో ఒకసారి చూసుకోండి. చాలామందికి ఆ అక్షరం ఒకటి ఉంటుందనే తెలియదు.

అల్ట్రాసౌండ్‌ను తక్కువగా చూడకండి

మనవాళ్లు దీన్ని ఒట్టి "స్కానింగ్" అంటారు, కడుపులో బిడ్డను చూసే స్కానింగే కదా అని తీసిపారేస్తారు. కానీ చేతికి తగిలిన గడ్డలో నీళ్లున్నాయా, అది గట్టి గడ్డా అన్నది రెండు నిమిషాల్లో తేల్చేది ఇదే. నీటితిత్తి అయితే చాలాసార్లు అక్కడితోనే కథ ముగుస్తుంది. రేడియేషన్ లేదు కాబట్టి గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 30 ఏళ్లు నిండని అమ్మాయిలకు మొదట ఇదే చేస్తారు. చంకలో గ్రంథులు ఉబ్బాయేమో కూడా దీంట్లోనే చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, గడ్డలోకి సూది సరిగ్గా వెళ్తోందా అని తెరమీద చూస్తూ బయాప్సీ చేయడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. ఖర్చులో కూడా మూడింటిలో ఇదే తక్కువ.

చేసే చేతిని బట్టి ఫలితం ఉంటుంది, అదే దీని లోపం. రొమ్ము స్కానింగ్‌లో చేయి తిరిగిన రేడియాలజిస్టు దగ్గర చేయించుకోవడం మంచిది. చేసేటప్పుడు మీకు గడ్డ తగిలిన చోట మీ వేలు పెట్టి చూపించండి. సిగ్గుపడి చూపించకపోతే అసలు చోటు తప్పిపోవచ్చు.

ఎమ్మారై అసలు ఏం చేస్తుంది

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తెలియనితనమూ దీని దగ్గరే ఎక్కువ, డబ్బు పోయేదీ ఇక్కడే.

ఎమ్మారై అంటే గొట్టంలాంటి పెద్ద అయస్కాంతంలో పడుకోబెట్టి లోపలి బొమ్మలు తీయడం. రొమ్ము ఎమ్మారైలో బోర్లా పడుకోవాలి. ఛాతీ కింద రెండు గుంతలున్న ఒక ప్రత్యేకమైన అమరిక ఉంటుంది, దాన్ని బ్రెస్ట్ కాయిల్ అంటాం. రొమ్ములు ఆ గుంతల్లోకి వేలాడతాయి, నొక్కడం ఉండదు. చేతి నరానికి సన్నని గొట్టం పెట్టి గాడోలినియం అనే మందు ఎక్కిస్తాం. మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక నిమిషం నిమిషానికీ మళ్లీ మళ్లీ బొమ్మలు తీస్తాం. మొత్తం అరగంట, ముప్పావుగంట పడుతుంది. కదలకూడదు.

మందు ఎందుకంటే, క్యాన్సర్ గడ్డ తాను పెరగడానికి చుట్టూ కొత్త రక్తనాళాలు అల్లుకుంటుంది. హడావిడిగా అల్లుకున్నవి కాబట్టి వాటి గోడలు గట్టిగా ఉండవు, కారుతుంటాయి. అందుకే మందు అక్కడికి గబగబా చేరుతుంది, చాలాసార్లు గబగబా బయటికి పోతుంది. దాన్ని గ్రాఫుగా గీస్తే గీత నిటారుగా ఎక్కి దిగిపోతుంది. అలా ఎక్కి దిగితే అనుమానం ఎక్కువ. నిదానంగా ఎక్కుతూనే ఉంటే కొంత ధైర్యం. అయితే గ్రాఫు ఒక్కటే చూసి తీర్పు చెప్పరు. గడ్డ ఆకారం, అంచులు అన్నీ కలిపి చూస్తారు.

అంటే ఎమ్మారై చూసేది రక్తం పోకడను. అందుకే దట్టమైన రొమ్ము దీనికి పెద్ద అడ్డం కాదు. గోడ దాటి పాకే క్యాన్సర్లను పట్టుకోవడంలో 90 శాతానికి పైనే నిలబడుతుంది, మిగతా రెండూ దాని దగ్గరికి రాలేవు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. మందు ఎక్కించకుండా చేసిన ఎమ్మారై క్యాన్సర్ వెతకడానికి పనికిరాదు. సిలికాన్ ఇంప్లాంట్ చిరిగిందా అని చూడటానికైతే మందు అక్కర్లేదు. "మందు లేకుండా అయితే తక్కువలో అయిపోతుంది" అని ఎవరైనా చెబితే, ఇంప్లాంట్ లేని మనిషికి ఆ డబ్బు దండగే.

మరి ఇంత బాగా పట్టేదాన్ని అందరికీ ఎందుకు చేయరు? జువ్వలదిన్నె రేవులో సన్నకన్నుల వల లాగడం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చేప తప్పించుకోదు నిజమే, దాంతోపాటు నాచు, గుల్ల, చెత్త అన్నీ పడతాయి. ఎమ్మారైలో మెరిసేదంతా క్యాన్సర్ కాదు. గోలీలాగా చేతికింద జారే, క్యాన్సర్ కాని ఫైబ్రోఎడినోమా అనే గడ్డ మెరుస్తుంది. వాపు, చీము మెరుస్తాయి. నెలసరి ముందు వారంలో ఏ జబ్బూ లేని మామూలు కండ కూడా మెరుస్తుంది. మెరిసిన ప్రతిదాన్నీ మళ్లీ తేల్చుకోవాలి, అంటే ఇంకో స్కాన్, ఇంకో సూది, ఇంకో నెల నిద్రలేని రాత్రులు.

మా పిన్నికి జరిగింది

మా పిన్నిది కందుకూరు. వయసు 44. ఎడమవైపు గడ్డ తగిలిందని ఒకచోట చూపించుకుంటే, మామోగ్రామ్ లేదు, అల్ట్రాసౌండ్ లేదు, నేరుగా ఎమ్మారైకి రాశారు. అప్పటికి నాకు చెప్పలేదు. "నీకెందుకమ్మా కంగారు" అనుకుందట. చేసినవాళ్లు నెలసరి ఎప్పుడు వచ్చిందని అడగలేదు. సరిగ్గా ముట్టుకు నాలుగు రోజుల ముందు చేశారు. రిపోర్టులో ఆ గడ్డ నీటితిత్తే అని ఉంది. దాని కిందే రెండు రొమ్ముల్లోనూ మెరుస్తున్న మచ్చలున్నాయని ఇంకో వాక్యం ఉంది. ఇంగ్లీషు చదవగలిగిన మా తమ్ముడు ఆ రెండో వాక్యం చదివి "రెండు వైపులా ఉందంట" అన్నాడు. ఆ రాత్రి మా బాబాయి నాకు ఫోన్ చేసి మాట్లాడలేక పెట్టేశాడు.

మర్నాడు నెల్లూరు తీసుకొచ్చి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేయించాను. గడ్డలో నీళ్లే. సూదితో తీసేస్తే పోయింది. మచ్చలను అప్పుడు అల్ట్రాసౌండ్‌లో వెతికితే ఏమీ కనబడలేదు. కొన్ని నెలలు ఆగి, ఈసారి సరైన వారంలో మళ్లీ ఎమ్మారై తీస్తే మచ్చలు లేవు. ఇప్పుడు పిన్ని బాగుంది. కానీ ఆ నెలలన్నీ ఆమె దేవుడి గూటి ముందే కూర్చుంది. అల్ట్రాసౌండ్‌తో ఒక్క పూటలో తేలిపోవాల్సిన విషయం అది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

మీ విషయం ఏమిటి?

చేతికి గడ్డ తగిలింది, అంతకుముందు ఏమీ లేదు. 30 ఏళ్ల లోపు అయితే అల్ట్రాసౌండ్. 40 దాటితే మామోగ్రామ్, దాంతోపాటు అల్ట్రాసౌండ్. మధ్య వయసులో ఏది ముందో డాక్టరు చేత్తో చూసి చెబుతారు. అనుమానం ఉంటే కోర్ బయాప్సీ. ఈ దారిలో ఎమ్మారై మొదటి మెట్టు కాదు. ఇంకో సంగతి గట్టిగా చెబుతున్నాను: డాక్టరు చేతికి గడ్డ అనుమానంగా తగిలితే, స్కాన్‌లన్నీ బాగున్నాయని వచ్చినా సరే, సూది పరీక్ష చేయాల్సిందే. చేయి, స్కాన్, ముక్క, మూడూ ఒకే మాట చెప్పాలి. ఎమ్మారై బాగుందని బయాప్సీ ఎగ్గొట్టడం, బయాప్సీ భయంతో ఎమ్మారై అడగడం, రెండూ ప్రమాదమే.

ఆ భయం ఎక్కడిదో నాకు తెలుసు. "ముక్క తీస్తే పాకుతుంది" అని మన ఊళ్లలో పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. మా అమ్మమ్మ కూడా అనేది. నేను చూసినంతలో మనుషులను ముంచింది సూది కాదు, ఆ మాట విని ఆరునెలలు ఆగడం. చోటు మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇచ్చి సన్నని దారప్పోగుల్లాంటి ముక్కలు తీస్తారు. క్యాన్సరా కాదా అనడమే కాదు, హార్మోన్ మాత్రలు పనిచేస్తాయా, హెర్-టూ అనే రకమా అన్నది కూడా ఆ ముక్కల మీదే తేలుతుంది. ఏ స్కానూ అది చెప్పలేదు.

నొప్పి మాత్రమే ఉంది, గడ్డ లేదు, నెలసరి ముందు ఎక్కువై తర్వాత తగ్గుతుంది. దీనికి ఎమ్మారై అక్కర్లేదు. డాక్టరు చేత చూపించుకోండి, చాలు.

చనుమొన నుంచి రక్తం కలిసిన నీరు వస్తోంది. ముందు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్. రెండింట్లోనూ ఏమీ దొరక్కపోతే ఇక్కడ ఎమ్మారైకి అర్థం ఉంది. చనుమొన మీద మానని పుండు, పొలుసు ఉన్నవాళ్ల విషయం కూడా ఇంచుమించు ఇంతే, వాళ్లకు పైచర్మం ముక్క కూడా తీసి చూస్తారు.

చంకలో గడ్డ ఉంది. ముక్క తీస్తే రొమ్ము క్యాన్సర్ కణాలని వచ్చింది. కానీ రొమ్ములో మామోగ్రామ్‌కూ అల్ట్రాసౌండ్‌కూ ఏమీ దొరకలేదు. ఇలాంటప్పుడు ఎమ్మారైకి సాటి లేదు. పొదిలి వైపు నుంచి వచ్చిన ఒకామె విషయంలో నేనే ఆ బొమ్మలు తీశాను. లోపల బాగా అడుగున చిన్న మెరుపు, గురివిందగింజంత కూడా లేదు. ఎక్కడుందో తెలిసింది కాబట్టి సర్జన్‌కు చేయాల్సింది తెలిసింది. ఎమ్మారై వద్దని చెప్పడానికి నేనిది రాయడం లేదని మీకు అర్థమవ్వాలని ఇది చెబుతున్నాను.

క్యాన్సర్ అని తేలింది, ఆపరేషన్‌కు ముందు ఎమ్మారై చేయాలా? ఇక్కడ డాక్టర్ల మధ్యే రెండు మాటలున్నాయి. బ్రిటన్‌లో కామిస్ అనే అధ్యయనంలో 1623 మంది ఆడవాళ్లలో కొందరికి ఆపరేషన్‌కు ముందు ఎమ్మారై చేశారు, కొందరికి చేయలేదు. 2010లో ఫలితం వచ్చింది. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చినవాళ్లు రెండు వైపులా 19 శాతమే. అంటే అందరికీ వరసపెట్టి చేయడం వల్ల ఆ విషయంలో లాభం కనబడలేదు. అయితే లాబ్యులర్ అనే రకం క్యాన్సర్ గడ్డకట్టకుండా చీమలబారులా ఒకదాని వెనక ఒకటి పాకుతుంది, మామోగ్రామ్‌లో తక్కువగా కనబడుతుంది. అప్పుడు ఎమ్మారై ఉపయోగపడుతుంది. చేతికి తగిలే సైజుకూ, మామోగ్రామ్‌లోని సైజుకూ, అల్ట్రాసౌండ్ సైజుకూ పొంతన లేనప్పుడూ అంతే. ఆపరేషన్‌కు ముందే కీమో ఇచ్చి గడ్డను కరిగిస్తుంటే, ఎంత కరిగిందో చూడటానికి కూడా ఎమ్మారైయే మేలు. అలాంటప్పుడు కీమో మొదలవ్వక ముందు ఒకటి తీసి ఉంటేనే పోల్చడానికి వీలవుతుంది. "దీనివల్ల మా ఆపరేషన్ ప్లాన్‌లో ఏం మారుతుంది డాక్టరుగారూ" అని అడగండి. జవాబు ఉంటే చేయించుకోండి.

ఇంట్లో అమ్మకు, అక్కకు, పిన్నికి చిన్నవయసులోనే వచ్చింది. ఇక్కడ నా సలహా వేరు. మీ కుటుంబంలో బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపం ఉందేమో రక్తపరీక్షతో తెలుస్తుంది. ముందుగా క్యాన్సర్ వచ్చిన మనిషికే ఆ పరీక్ష చేయడం మంచిది. లోపం ఉన్న స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 60 శాతానికి పైనే. అలాంటివాళ్లకు ఏటా ఎమ్మారై చేయాలని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2007లోనే చెప్పింది. మామోగ్రామ్‌తో పాటు చేయాలంది కానీ, దాని బదులు చేయమనలేదు. 10 నుంచి 30 ఏళ్ల మధ్య వేరే జబ్బుకు ఛాతీకి రేడియేషన్ ఇప్పించుకున్నవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు. ఈ గుంపులో ఉంటే డబ్బుకు వెనకాడకండి.

ఏ బాధా లేదు, కుటుంబంలో ఎవరికీ లేదు, కానీ రిపోర్టులో డి అని ఉంది. నెదర్లాండ్స్‌లో 50 నుంచి 75 ఏళ్ల వయసున్న, బాగా దట్టమైన రొమ్ములున్న ఆడవాళ్లకు మామోగ్రామ్ బాగున్నా ఎమ్మారై చేయించుకొమ్మని పిలిచారు. 2019లో ఫలితం వచ్చింది. రెండు పరీక్షల మధ్యకాలంలో బయటపడే క్యాన్సర్లు వెయ్యికి 5 నుంచి 2.5కి తగ్గాయి. అదే సమయంలో మొదటిసారి ఎమ్మారై చేయించుకున్న ప్రతి వెయ్యిమందిలో 80 మందికి దాకా ఊరికే అనుమానం వచ్చింది. యూరప్‌లో ఇప్పుడు ఇలాంటివాళ్లకు రెండు నుంచి నాలుగేళ్లకోసారి ఎమ్మారై సూచిస్తున్నారు. మన దగ్గర అందరికీ అది వీలయ్యే పని కాదు. స్థోమత ఉంటే డాక్టరుతో మాట్లాడండి. లేకపోతే మామోగ్రామ్‌తోపాటు మంచి చేతి అల్ట్రాసౌండ్ చేయించుకోండి.

బిడ్డకు పాలిచ్చి కొన్నేళ్లయింది, రొమ్ము గట్టిపడి, ఎర్రబడి, చీము కారి, మందులకు తగ్గడం లేదు. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే వాపు జబ్బు ఉంది, వయసులో ఉన్న తల్లుల్లో వస్తుంది. రొమ్ముకు టీబీ కూడా వస్తుంది. రెండూ స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లాగే కనబడి అందర్నీ భయపెడతాయి. ఎమ్మారై కూడా వీటిని విడదీసి చెప్పలేదు. ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది.

ఇక ఏ స్కానూ అందుబాటులో లేని పల్లెల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1,51,538 మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు నడిపిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించడం వల్లనే 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. కాబట్టి ఇంటికొచ్చిన ఏఎన్‌ఎమ్‌ "చూస్తానక్కా" అంటే తలుపు వేసుకోకండి. క్యాంపుల్లో వేడిని కొలిచే కెమెరాతో ఫొటో తీసి "మామోగ్రామ్ అక్కర్లేదు" అంటేమాత్రం నమ్మకండి. అది మామోగ్రామ్‌కు బదులు కాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

ఎమ్మారై అని తేలితే

ముట్లు వస్తున్నవాళ్లయితే నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య చేయించుకోండి. అప్పుడు మామూలు కండ మెరుపు తక్కువ. క్యాన్సర్ అని తేలి ఆపరేషన్ తొందర ఉంటే ఈ లెక్క కోసం ఆగనక్కర్లేదు. సెంటర్‌కు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: బ్రెస్ట్ కాయిల్ ఉందా, రొమ్ము ఎమ్మారైలు తరచూ చదివే డాక్టరు ఉన్నారా. కాయిల్ లేకుండా ఛాతీ మీద వేరే కాయిల్ పరిచి తీసిన బొమ్మ దండగ. మెషిన్ 1.5 టెస్లానా, 3 టెస్లానా అని అడిగేవాళ్లున్నారు (టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత). సరైన కాయిల్, సరైన డాక్టరు ఉంటే 1.5 సరిపోతుంది.

మంగళసూత్రం తీయాలి. ఈ మాట దగ్గర ఎంతమంది ఏడ్చారో నేను చెప్పలేను. బంగారాన్ని అయస్కాంతం లాగదు. కానీ గొలుసు ఛాతీ మీదే ఉంటుంది కాబట్టి బొమ్మ పాడవుతుంది, పైగా దానికి వేలాడే పిన్నీసులు స్టీలువి, వాటిని లాగుతుంది. ఇంటి దగ్గరే పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకొని రండి, దానికి ఏ అభ్యంతరమూ లేదు. మెట్టెలు, తలలో పిన్నులు, హుక్కుల జాకెట్టు కూడా తీసేస్తాం. గుండెకు పేస్‌మేకర్, మెదడులో క్లిప్, చెవిలో పెట్టిన మెషిన్ ఉంటే ముందే చెప్పండి, కాగితాలు తెండి. మామోగ్రామ్‌కు వచ్చేవాళ్లయితే చంకల్లో, ఛాతీ మీద పౌడరు రాసుకోవద్దు. ఆ పొడి ఫిలింలో కాల్షియం రేణువుల్లా కనబడి అనవసరంగా భయపెడుతుంది.

షుగరు, బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకోవాలి. కనిగిరి వైపు పల్లెల్లో కిడ్నీ జబ్బులు ఎక్కువ, అక్కడి నుంచి వచ్చేవాళ్లను నేను దీని గురించి రెండుసార్లు అడుగుతాను. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు పాత రకం గాడోలినియం మందులతో చర్మం, కీళ్లు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది, కొత్త రకాల్లో ఆ ప్రమాదం చాలా తక్కువ. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. పాలిచ్చే తల్లులకు ఇవ్వొచ్చు, పాలలోకి వెళ్లేది చాలా కొద్ది. మనసు ఒప్పకపోతే ఒక రోజు పాలు పిండి పారబోయండి.

గొట్టంలోకి వెళ్లగానే గుండె దడ వచ్చేవాళ్లుంటారు. బోర్లా పడుకుంటారు కాబట్టి పైకప్పు ముఖానికి కనబడదు, అదొక మేలు. చప్పుడు బాగా ఉంటుంది, చెవులకు అడ్డం పెడతాం. చేతిలో ఒక గంట ఇస్తాం, భయమేస్తే నొక్కండి. ముందే చెబితే మీ మనిషిని గదిలో ఉండనిస్తాం, వాళ్ల ఒంటి మీద కూడా ఇనుము ఉండకూడదు.

రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1, 2 అంటే నిశ్చింత. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, కొన్ని నెలల తర్వాత మళ్లీ చూస్తారు. 4 అంటే ముక్క తీయాలి. ఈ 4లో 2 శాతం అనుమానమూ ఉంటుంది, 95 శాతమూ ఉంటుంది, కాబట్టి ఆ అంకె చూసి కూలబడకండి. 5 అంటే 95 శాతం, అంతకుమించి. 0 వస్తే బాగుందని కాదు, ఇంకో పరీక్షో, పాత ఫిలిములో కావాలని. 6 అంటే ఇప్పటికే బయాప్సీలో తేలిన జబ్బు.

ఎమ్మారైలో మాత్రమే ఏదో కనబడితే ముందు అదే చోట అల్ట్రాసౌండ్‌తో మళ్లీ వెతుకుతారు. చాలాసార్లు దొరుకుతుంది, అక్కడే సూదితో ముక్క తీస్తారు. దొరక్కపోతే ఎమ్మారైలోనే చూస్తూ ముక్క తీయాలి. ఆ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు. నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర. ఒంగోలు, కనిగిరి వాళ్లు గుంటూరు, విజయవాడ వైపో హైదరాబాద్‌కో వెళ్తారు. చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి మనవాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లు. ఎమ్మారై చేయించుకునే ముందే "అవసరమైతే ఈ బయాప్సీ ఎక్కడ చేస్తారు" అని అడిగి పెట్టుకుంటే తర్వాత పరుగులు తప్పుతాయి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కార్డున్నవాళ్లు స్కాన్‌కు డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను కలిసి, ఏది అందులోకి వస్తుందో ఏది రాదో కనుక్కోండి.

బయల్దేరేటప్పుడు పాత మామోగ్రామ్ ఫిలిములు, అల్ట్రాసౌండ్ బొమ్మలు, ఎమ్మారై సీడీ, బయాప్సీ కాగితం అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తే అక్కడి డాక్టరు బొమ్మలు చూడాలంటారు, మళ్లీ తీయమంటారు. బయాప్సీ జరిగి ఉంటే ఆ ల్యాబ్‌లో ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి. ఆ సంచిని రైల్లో పై బెర్తు మీద పెట్టకండి, ఒళ్లో పెట్టుకోండి.